ముట్టుకోవద్దు

గిరి ప్రదక్షిణ గురించి ఈ వారం రాస్తానన్నాను. అది వచ్చేవారం. మొన్న ఆదివారం రుషికొండ దగ్గర సముద్రంలోకి దిగాను, ముందు ఆ సంగతి చెప్పాలి.

స్కూబా డైవింగ్. ఉద్యోగం వచ్చిన సంతోషంలో మా అక్క కొడుకు డబ్బులు కట్టేశాడు. ఫారంలో ఒక ప్రశ్న: ఈత వచ్చా? రాదు అని రాశాను. వయసు నలభై ఏడు, ఇల్లు సింహాచలం కొండ కింద, బస్సెక్కితే సముద్రం. అయినా రాదు. ఎందుకు రాదో రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు.

మా అమ్మమ్మ ఊళ్లో వేసవి వస్తే పేట గుంట ఎండిపోయేది. ఊరి నూతికి దూరంగా బిందెలు పెట్టుకుని నిలబడేవాళ్లం. దయ కలిగినవాళ్లు పైనుంచి పోసేవారు. చేద ముట్టుకోవద్దు. ఊరి పిల్లలు చెరువులో ఈత కొడుతుంటే మేం గట్టు మీద వాళ్ల గేదెల్ని కాసేవాళ్లం. గేదెలు దిగొచ్చు, మేం దిగకూడదు. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు తాగిన అరవై ఏళ్ల తర్వాతి మాట ఇది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం అప్పటికి ఎంత పాతబడిందో మీరే లెక్కేసుకోండి. ఆ చెరువే మాకు ఈత నేర్పాల్సిన బడి.

బోటులో జాలరి కుర్రాడు అన్నీ విడమరిచి చెప్పాడు. "ఊపిరి బిగబట్టొద్దక్కా. చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని గాలి ఊదండి. కింద ఏదీ ముట్టుకోవద్దు."

ఆ మాట వినగానే నా చేతులు వాటంతటవే ఒళ్లోకి వచ్చేశాయి. చిన్నప్పటి అలవాటు.

ఎందుకు ముట్టుకోవద్దని అడిగాను. నూతి దగ్గర మాలో ఎవరం అడగలేదు. "చూడ్డానికి రాళ్లలా ఉంటాయి గానీ, పైన పెరిగేవి ప్రాణులక్కా. పగడాల మీదైతే పల్చటి జిగురు పొర ఉంటుంది, మన చెయ్యి తగిలితే పోతుంది, జబ్బు చేస్తుంది." కలెక్టరు దిగినా ఇదే చెబుతానన్నాడు. మా చెయ్యి తగిలితే నూతి నీళ్లకి ఏమైందో నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇలా చెప్పలేదు.

ఇంటికొచ్చి చదివాను. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో, పులి పక్కన ఉన్నాయి. అండమాన్‌లో వండూరు దగ్గర 1983లో సముద్రపు జాతీయ పార్కే ప్రకటించారు. అక్కడ జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవుల్ని వంతులవారీగా తెరుస్తారు. ఒకచోటికి జనం వెళ్తుంటే రెండోది కోలుకుంటుంది. మన రుషికొండకి ఆ హోదా లేదు, ఆ రంగులూ లేవు. నీళ్లు మసక. మసకలో రాళ్లు, వాటి సందుల్లో చారల చేపలు. ఒకటి నా ముఖం ముందుకొచ్చి కాసేపు చూసి పోయింది.

ఆరేడు మీటర్లు దిగామేమో. పది మీటర్లకి ఒత్తిడి రెట్టింపు అవుతుందట, నా చెవులకి అంతకుముందే తెలిసింది. భయంతో కాళ్లు కొట్టుకున్నాను. ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకున్నాడు, పైకొచ్చేదాకా వదల్లేదు. ఏ పేట అని అడగలేదు.

2014లో మన గురుకులాల పిల్లలు పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. పండగ చేసుకున్నాం. ఈత నేర్పమని మాత్రం మన డిమాండ్లలో నేనూ ఎప్పుడూ రాయలేదు. మా పేటలో పదకొండుమంది పిల్లలున్నారు, అందులో ఏడుగురు ఆడపిల్లలు. విశాఖలో సెలవురోజుల్లో వాళ్లకి ఈత నేర్పగలిగినవాళ్లు ఉంటే చెప్పండి. ఆటో ఖర్చు మేం చూసుకుంటాం. నన్ను కలిపితే పన్నెండు.