తందూరు ఆరిన వీధిలో

2024 అక్టోబరు 15వ తేదీ ఉదయం ఎనిమిది గంటలకు దేశ రాజధాని ప్రాంతంలో ‘గ్రాప్’ మొదటి దశ అమలులోకి వచ్చింది. గాలి నాణ్యత సూచీ 200 దాటినప్పటి నుంచి అంచెలంచెలుగా విధించే ఆంక్షల ప్రణాళిక అది. రోడ్ల మీద నీళ్లు చల్లడం, నిర్మాణ స్థలాల్లో దుమ్ము లేవకుండా చూడడం వంటి ఆదేశాల నడుమ, పత్రికలు ఒక్క వాక్యంతో సరిపెట్టే నిబంధన ఒకటి ఉంటుంది: హోటళ్లు, రెస్టారెంట్లు, ఆరుబయటి తిండి దుకాణాలు తందూరులో బొగ్గు, కట్టెలు వాడరాదు.

తూర్పు దిల్లీలోని పట్‌పడ్‌గంజ్‌లో ఒక సహకార గృహ సముదాయానికి ఎదురుగా ఉన్న చిన్న దాబాలో ఆ సాయంత్రం మట్టి తందూరు మీద రేకు మూత పడింది. అదే సాయంత్రం ఆ సముదాయంలో, మూడో అంతస్తు ఇంట్లో, పది రోజుల జ్వరం నుంచి కోలుకుంటున్న ఎనభై నాలుగేళ్ల వృద్ధురాలికి నోరు రుచి కోరింది. పరామర్శకు వచ్చిన తెలుగాయనతో ఆమె, ‘‘పుత్తర్, తందూరీ ముర్గా తినాలని ఉంది. ఒక్క కాలు ముక్క చాలు. ఇవాళ కాదులే, మంగళవారం’’ అన్నారు.

ఆయన కేంద్ర ప్రభుత్వ మంత్రిత్వశాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయిన ఉద్యోగి. తెనాలి దగ్గరి పల్లె నుంచి 1986లో దిల్లీ వచ్చారు. అద్దె గది కోసం తిరిగిన తొలి వారంలోనే ఆయనకు రాజధాని స్వభావం కొంత బోధపడింది. దక్షిణాది మనిషి అనగానే ‘మద్రాసీ, శాకాహారి’ అని నమ్మి ఆదరంగా లోపలికి పిలిచేవారు. మాంసం తింటానని చెప్పగానే గది అంతకు ముందురోజే మరొకరికి ఇచ్చేశామనేవారు. నాలుగో ఇల్లు లాజ్‌పత్ నగర్‌లో, దేశ విభజన కాందిశీకుల కోసం వెలసిన కాలనీలో. అక్కడి ఇల్లాలు ఆయన ఏమి తింటారో అడగలేదు. ‘‘వండుకోవడం వచ్చా?’’ అని మాత్రం అడిగింది. రాదని తెలిశాక, మేడ మీది బర్సాతీ గది తాళంచెవితో పాటు మొదటి ఆదివారం ఒక పళ్లెం కూడా పైకి పంపింది. అందులో ఎర్రగా కాలిన కోడి కాలు, నిమ్మచెక్క, ఉల్లిపాయ చక్రాలు ఉన్నాయి. ఆ నాటి నుంచి అందరిలాగే ఆయనకూ ఆమె ‘బీజీ’.

బీజీ పుట్టింది రావల్పిండిలో. ఏడేళ్ల వయసులో ఊరు విడిచి తల్లిదండ్రులతో దిల్లీ వచ్చి, కింగ్స్‌వే క్యాంపు గుడారాల్లో మొదటి చలికాలం గడిపారు. లాజ్‌పత్ నగర్ మేడ మీద ఇనుప డ్రమ్ముకు లోపల మట్టి మెత్తి చేసుకున్న తందూరు ఒకటి ఉండేది. సాయంత్రమయ్యేసరికి నాలుగిళ్ల ఆడవాళ్లు పిండి ముద్దలు పట్టుకుని మెట్లెక్కేవారు. పంజాబు పల్లెల్లో దానిని ‘సాంఝా చూల్హా’ అంటారు. అంటే ఉమ్మడి పొయ్యి. బొగ్గు ఒకరిది, నిప్పు ఒకరిది, కబుర్లు అందరివీ. తరువాతి కాలంలో బీజీ కుమారుడే ఆయనను ఈ సహకార సంఘంలో సభ్యునిగా చేర్పించారు. అందువల్లనే మూడు దశాబ్దాల తరువాత కూడా ఆ రెండు కుటుంబాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి.

అడిగింది ఒక్క కాలు ముక్కే అయినా, ఆ కోరిక ఆయనను ఇబ్బంది పెట్టడానికి వేరే కారణం ఉంది.

రెండు వారాల క్రితం, శరన్నవరాత్రులకు ముందు, సంఘం కార్యదర్శి ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. ఆ తొమ్మిది రోజులు ప్రాంగణంలోకి మాంసం తేబోమని, వండబోమని నివాసులు స్వచ్ఛందంగా అంగీకరిస్తున్నట్లు అందులో ఉంది. కార్యదర్శి మర్యాదస్తుడు, గొంతులో బెదిరింపు లేదు. కానీ సంతకం చేయని వారి ఫ్లాటు నంబరు ఎదురుగా ఖాళీ గడి ఉంటుంది, ఆ గడిని తరువాత తలుపు తీసేవారంతా చూస్తారు. ఆయన భార్య కాన్పు కోసం కూతురి దగ్గరికి హైదరాబాదు వెళ్లారు. ఒంటరిగా ఉన్న మనిషి, ఆ తొమ్మిది రోజులు ఎలాగూ వండేది లేదు. వాదన ఎందుకని సంతకం చేశారు. కాగితం మూడో అంతస్తుకు చేరినప్పుడు మాత్రం ఖాళీ గడి అలాగే మిగిలింది. బీజీ నవరాత్రి ఉపవాసాలు వదలని మనిషి. ఆ రోజుల్లో ఆమె ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. ఆమె కార్యదర్శితో అన్న మాట ఆ మర్నాటికి అందరికీ తెలిసింది: ‘‘ఉపవాసం నాది బేటా. పక్కింటి వాడి తరఫున నేనెలా ఉంటాను?’’

ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు 1986 నాటి మూడు ఇళ్ల గుమ్మాలు గుర్తుకొస్తూనే ఉన్నాయి. ఆనాడు తన మీద పడిన ప్రశ్న కిందే ఈనాడు తాను సంతకం చేశారు.

ఇలాంటి కాగితాలు చట్టాలు కావు. 2022 ఏప్రిల్‌లో దక్షిణ దిల్లీ మేయరు నవరాత్రులకు మాంసం దుకాణాలు మూసివేయాలని ప్రకటించినప్పుడు అధికారిక ఉత్తర్వు వెలువడక ముందే అనేక దుకాణాల షట్టర్లు దిగిపోయాయి. అదే నెల పదో తేదీన జేఎన్‌యూ కావేరి హాస్టల్‌లో కోడికూర మీద విద్యార్థుల మధ్య ఘర్షణ జరిగింది. న్యాయస్థానాల మాట కూడా ఒకే దిక్కుకు మొగ్గదు. 2008లో అహ్మదాబాదు కేసులో సుప్రీంకోర్టు, జైనుల పర్యూషణ పర్వంలో తొమ్మిది రోజుల పాటు కబేళాల మూసివేతను సమర్థించింది. అదే తీర్పులో, మనిషి ఏమి తింటాడన్నది అతని సొంత వ్యవహారమని, 21వ అధికరణంలోని గోప్యతా హక్కులో భాగమని కూడా చెప్పింది. పండుగ నాడు కొద్దిపాటి సంయమనం కోరడం వేరు, తినేవాడిని దోషిగా నిలబెట్టడం వేరు. ఈ రెంటి మధ్య గీతను కోర్టు చూపగలదు గానీ వాట్సాప్ గ్రూపు చూడదు.

సంఖ్యలు కూడా ఒక సంగతి చెబుతాయి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు దాటినవారిలో దాదాపు 71 శాతం మాంసాహారులు. తెలంగాణలో ఆ వాటా 98 శాతానికి పైమాటే. అయినా రాజధానిలో తినేవారే తలుపు దగ్గరగా వేసుకుని, కిటికీ మూసి వండుకునే అలవాటు పెరిగింది.

బుధవారం ఆయన వంటింట్లో అటక మీది ఓటీజీ ఓవెన్‌ను కిందికి దించారు. కూతురు చదువుకునే రోజుల్లో కేకుల కోసం కొన్నది. దాని ముల్లు 230 డిగ్రీలు దాటదు. బొగ్గు రాజుకున్న మట్టి తందూరు 400 డిగ్రీలు అవలీలగా దాటుతుంది. దాని గోడల సెగ నలువైపుల నుంచి మాంసాన్ని పట్టేస్తుంది; కారిన కొవ్వు నిప్పుల మీద పడి లేచిన పొగ మళ్లీ మాంసానికే అంటుతుంది. ఇనుప పెట్టెలో రెండు కడ్డీల వేడికి ఆ గుణాలు రావు. ఉన్న వేడితో ఎంతవరకు పోవచ్చునన్నదే ప్రశ్న.

మొదటి ప్రయత్నం చెడింది. పెరుగును నీటితోనే కలిపారు, ఊరి నుంచి వచ్చిన గుంటూరు కారం ఎర్రదనం కోసం మూడు చెంచాలు వేశారు. ముక్కలు ట్రేలో తమ నీటిలో తామే ఉడికి, కాలడానికి బదులు ఇగురుగా మారాయి. కారానికి ఆయనకే కళ్లు చెమ్మగిల్లాయి. ఫోనులో భార్య నవ్వారు. ‘‘ఏమండీ, పెరుగు గుడ్డలో కట్టి వేలాడదీశారా? కాశ్మీరీ మిరప రంగుకు, మన మిరప కారానికి. రెండూ ఒకటనుకుంటే ఎలా?’’

శనివారం రాత్రి మళ్లీ మొదలుపెట్టారు. తోలు తీసిన నాలుగు కోడి కాళ్లు, తొడతో కలిపి, కిలో తూకం. ఒక్కొక్క దానికి ఎముక తగిలేదాకా మూడేసి గాట్లు. ముందుగా నిమ్మరసం, ఉప్పు, కాశ్మీరీ మిరపపొడి, అల్లం వెల్లుల్లి ముద్ద గాట్లలోకి ఎక్కేలా రుద్ది అరగంట ఉంచారు. అర కిలో పెరుగును గుడ్డలో మూటగట్టి నాలుగు గంటలు వేలాడదీస్తే సగానికి సగమై వెన్నలా గట్టిపడింది. దానిలో పొగ వచ్చేదాకా కాచి చల్లార్చిన ఆవనూనె మూడు చెంచాలు, వేయించిన శనగపిండి ఒక చెంచా, ధనియాలు, జీలకర్ర పొడి, గరం మసాలా, నల్లుప్పు, అరచేతుల మధ్య నలిపిన కసూరీ మేథీ. శనగపిండి మసాలాను ముక్కకు పట్టి ఉంచుతుంది. ఆవనూనె లేకపోతే పంజాబు వాసనే రాదు. రంగు డబ్బా జోలికి పోలేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచారు.

ఆదివారం ఉదయం ముక్కలను గంట ముందే బయట పెట్టారు. ఓవెన్‌ను చివరి ముల్లు దాకా తిప్పి పదిహేను నిమిషాలు ఖాళీగా కాగనిచ్చారు. ముక్కలను ట్రేలో కాకుండా జాలీ మీద పెట్టి, కారిన నీరు పడడానికి ట్రేను కింద ఉంచారు. మొదటిసారి ఇగురు కావడానికి అసలు కారణం ఆ ట్రేయే. ఇరవై నిమిషాలకు తిరగేసి, వెన్న రాసి, మరో పదిహేను నిమిషాలు. చివరి అయిదు నిమిషాలు పై కడ్డీ మాత్రమే వెలిగేలా మీట తిప్పి, జాలీని పై అరకు మార్చారు. అంచులు నల్లబడి, చిటపటమన్నాయి. ఎముక దగ్గర గుచ్చితే కారిన రసం ఎర్రగా కాక తేటగా ఉంది. అప్పుడు గిన్నెలో ముక్కల నడుమ చిన్న స్టీలు కటోరీ పెట్టి, స్టవ్ మీద కాల్చిన ఒకే ఒక్క బొగ్గు ముక్కను అందులో వేసి, చెంచాడు నెయ్యి పోసి మూడు నిమిషాలు మూత పెట్టారు. తందూరుకు దూరమైన పొగ అలా కొంత తిరిగి వచ్చింది.

కిటికీ మూయడానికి చెయ్యి చాచి, ఆయన మూయలేదు.

బీజీ ముక్క చీల్చి నోట్లో పెట్టుకుని కొంతసేపు మాట్లాడలేదు. ‘‘ఆవనూనె సరిగ్గా కాచావు. గాట్లు ఇంకా లోతుగా పెట్టాలి. తందూరు కాదు గానీ, అబద్ధం కూడా కాదు’’ అన్నారు.

టీవీలో ఎవరో బటర్ చికెన్ కేసు గురించి మాట్లాడుతున్నారు. పెషావరు నుంచి కాందిశీకులుగా వచ్చిన కుందన్‌లాల్ గుజ్రాల్, కుందన్‌లాల్ జగ్గీ 1947లో దరియాగంజ్‌లో భాగస్వాములుగా మోతీమహల్ నడిపారు. రొట్టెల కోసం ఉన్న తందూరులో కోడిని కాల్చి దేశమంతటికీ అలవాటు చేసిన హోటలుగా దానికి పేరు. 2024 జనవరి నుంచి వారి వారసులు దిల్లీ హైకోర్టులో, ఆ వంట ఎవరిదని వాదించుకుంటున్నారు. బీజీ నవ్వి, ‘‘తందూరు వాళ్లిద్దరి తాతలూ పుట్టక ముందు నుంచీ ఉంది’’ అన్నారు. నిజమే. కాలీబంగన్ తవ్వకాల్లో, సింధు నాగరికత నాటి ఇళ్లలో, తందూరును పోలిన మట్టి పొయ్యిలు బయటపడ్డాయి. రావల్పిండిలోనూ ఈ రోజు ఏదో వీధిలో అదే పొయ్యి వెలుగుతూ ఉంటుంది. సరిహద్దు గీసినప్పుడు రొట్టెకు, నిప్పుకు వాటా వేయడం ఎవరి చేతా కాలేదు.

ఆయన అప్పుడు సంతకం సంగతి ఎత్తారు. తాను చేసి ఉండకూడదన్నారు. బీజీ ఓదార్చలేదు, నిందించలేదు. ‘‘క్యాంపులో మా అమ్మ పొయ్యి వెలిగిస్తే పక్క గుడారం వాళ్లు వచ్చేవాళ్లు. ఏం వండావని అడిగేవాళ్లు. ఎందుకు వండావని ఎవరూ అడగలేదు పుత్తర్’’ అన్నారు. తరువాత రెండో ముక్క అందుకున్నారు. ఒక్కటే చాలన్న మాట గుర్తుచేయడానికి ఆయనకు మనసొప్పలేదు.

గాలి శుభ్రపడాలంటే తందూరుకు మూత పడవలసిందే. బీజీ ఊపిరితిత్తులకూ అది అవసరమే. నియమం పెట్టినవారు దానికి కారణం చెప్పారు, ఆ కారణాన్ని గాలి నాణ్యత సూచీలో ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. కాగితం మీది సంతకానికి అటువంటి కొలమానం లేదు. పౌరుడు ఏ ఆంక్షకు తల వంచాలో, ఏ విజ్ఞప్తిని మర్యాదగా తిప్పి పంపాలో తేల్చుకునే భారం అతని మీదే పడుతుంది.

2025 మార్చి ఆఖరున చైత్ర నవరాత్రులకు ముందు కార్యదర్శి మళ్లీ కాగితంతో వచ్చారు. ఆయన లోపలికి పిలిచి కుర్చీ వేశారు. ‘‘ఆ తొమ్మిది రోజులు మా ఇంట్లో మాంసం వండం. బీజీ ఉపవాసం ఉంటారు, ఆ వాసన ఆమెకు తగలకూడదు. కాని సంతకం పెట్టను’’ అన్నారు. కార్యదర్శి అర్థం కానట్టు చూసి, టీ తాగి, తరువాతి తలుపు తట్టడానికి వెళ్లారు. ఆ అంతస్తులో ఒక గడి ఖాళీగా ఉంది. పై అంతస్తుకు చేరేసరికి మరొకటి ఖాళీగా మిగలవలసి ఉంది.