అప్పటికప్పుడు

లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనడం కన్నా చేస్తుంటే చూడటమే నాకిష్టం. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరుస్తారు. కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, సైజు సరిచూసి, వేడి ఆరకముందే రాళ్లు పొదుగుతారు. 2024లో ఈ గాజులకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

నేనుండేది శాలిబండలో. చేసేది సాఫ్ట్‌వేర్ పని. మా పనిలోనూ లక్క ముద్ద, గాజు రెండూ ఉన్నాయంటే నమ్ముతారా?

వెబ్‌సైట్ రంగులూ హంగులూ రాయడానికి 2006లో సాస్ వచ్చింది. 2012లో మైక్రోసాఫ్ట్ టైప్‌స్క్రిప్ట్ తెచ్చింది. రాసేవాళ్లకు ఇవి సుఖమే కానీ బ్రౌజర్‌కు అర్థం కావు. దానికి సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ కావాలి. అలా మార్చడమే కంపైల్ చేయడం. ఈ పనికి సర్వర్‌లో మిడిల్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టుకుంటాం. బ్రౌజర్ ఫైలు అడగ్గానే అది మేం రాసింది చూస్తుంది. మారి ఉంటే అప్పటికప్పుడు కంపైల్ చేసి ఇస్తుంది. లేదంటే ఇంతకుముందు చేసి దాచిందే అందిస్తుంది. ఒక రంగు మార్చి పేజీ మళ్లీ తెరిస్తే చాలు, మార్పు కళ్లముందుంటుంది. ఎంత హాయో!

ఓసారి రంజాన్ నెలలో ఒక గాజుల దుకాణం పెద్దాయన పిలిపించారు. ‘బేటీ, దుబాయ్ నుంచి ఒకటే ఫోన్లు. మన సైట్ తెరుచుకోవట్లేదట. ఈ నెల పోతే మాకు ఏడాది పోయినట్టే’ అన్నారు. ఆయన ఇంటిల్లిపాదితో పాటు నలుగురు పనివాళ్లు బతికేది ఆ దుకాణం మీదే.

తీరా చూస్తే, సైట్ చేసిచ్చినవాళ్లు ఈ అప్పటికప్పుడు పద్ధతినే అసలు సర్వర్‌లోనూ వదిలేశారు. దాచుకునే ఏర్పాటు కూడా లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ మళ్లీ మొదటినుంచీ కంపైల్! చిన్న సర్వరు, పండగ రద్దీ... ఇంకెక్కడ తెరుచుకుంటుంది?

‘చాచా, చాంద్ రాత్ రోజు ఒక్కో గాజూ సెగ మీద పెట్టి చేసిస్తారా?’ అన్నాను.

ఆయన నవ్వేశారు. ‘జనం ఊరుకుంటారా? నెల ముందే సైజులవారీగా సెట్లు కట్టి పెడతాం.’

సైట్‌కూ అదే చేశాను. అన్నీ ఒకేసారి కంపైల్ చేసి, తయారైన ఫైళ్లే సర్వర్‌లో పెట్టాను. ఇక అడిగినవాళ్లకు తీసివ్వడమే దాని పని. ఆ రాత్రికే సైట్ తెరుచుకుంది. అప్పటికే పోయిన ఆర్డర్లు మాత్రం తిరిగి రాలేదు.

అలాగని అప్పటికప్పుడు చేయడం తప్పేం కాదు. 2020లో వచ్చిన వీట్ అనే సాధనమూ మేం రాసుకునేటప్పుడు అడిగిన ఫైలును అడిగినప్పుడే మారుస్తుంది. జనం ముందు పెట్టేటప్పుడు మాత్రం అంతా ముందే సిద్ధం చేసిస్తుంది. ఇంట్లో దోసె పెనం మీదనుంచి నేరుగా పళ్లెంలోకి రావాలి. పెళ్లిలో పులిహోర బంతి లేవకముందే కలిపి ఉండాలి. ఎదురుచూసేది ఒక్కరా, వందమందా అన్నది చూసుకుంటే చాలు.