మంగలికత్తికి కడపటి సాన



కత్తిపీట మొద్దువాఱినప్పుడు గడపరాతిమీదనో రోటియంచుననో నాలుగుమాఱులు రాచి పని గడుపుకొనుట మన యిండ్లలో వాడుక. మంగలికత్తికి ఈ మోటువైద్యము పనికిరాదు. దాని త్రోవలో నున్నది వంకాయ గాదు, మనవారి చెక్కిలి.

1904వ సంవత్సరమున అమెరికాలో గిల్లెట్టుగారి బ్లేడురేజరునకు పేటెంటు లభించిన పిమ్మట మడతకత్తి క్రమముగా ఇండ్లనుండి తొలగిపోయినది. నేడు క్షౌరశాలలయందును మాటిమాటికి మార్చు బ్లేడులే తఱచుగా కానవచ్చుచున్నవి. అంటురోగముల భయము గలచోట అది యుచితమే. అయినను మా మామగారు తమ తండ్రినాటి కత్తిని విడువలేదు. వణుకుజబ్బువలన వారి చేతులు స్వాధీనము తప్పినది మొదలు, దినము విడిచి దినము గడ్డము గీయు పని మాకు సంక్రమించినది. వణుకు చేతులకే గాని తలకు లేదు. కాని గొంతు సన్నగిల్లుటచే, కత్తి నొప్పించినను వారు చెప్పజాలరు. ముదిమిచే చర్మము తమలపాకువలె పలుచనైనది. కావున ఏ రాయి యెంత మృదువైన పదును నిచ్చునో తెలిసికొనుట మాకు వేడుక గాక విధి యైనది. మా మఱది ఐరోపాలో నుండగా కూర్చిన రాళ్లలో మూటిని, పక్షమున కొకటి చొప్పున, ఆ కత్తితోనే పరీక్షించితిమి.

ఈ రాళ్లు కడపటి మెఱుగునకే గాని పోయిన పదునును తెచ్చుటకు గావు. మొద్దుకత్తిని ముందుగా 1000, 4000, 8000 అంకెలుగల కృత్రిమపు సానలమీద వరుసగా నూఱవలెను. కత్తివీపును అంచును రెండును రాతికి తాకునట్లుంచి, అంచు ముందు నడచునట్లు త్రోయవలెను. వీపు మందమే కోణమును నిలుపును. తోలుపట్టెమీద మాత్రము వీపు ముందు, అంచు వెనుక.

మన కడపరాయి నునుపైనదే గదా యని కొంద ఱడుగుదురు. అది సున్నపురాయి. అందలి ముఖ్యఖనిజమగు కాల్సైటు కాఠిన్యము మోసుగారి కొలతలో 3 మాత్రమే గాన గట్టి యుక్కును అరుగదీయజాలదు. గ్రానైటు అరుగదీయును గాని దాని పలుకులు ముతకవి. అంచు ఱంపమువలె నగును.

మేము చూచిన వానిలో మొదటిది అమెరికాలోని ఆర్కన్సాసు రాయి. దీనిని నోవాక్యులైటు అందురు. లాటినుభాషలో నోవాక్యులా యనగా మంగలికత్తియే. మిక్కిలి సన్నని క్వార్ట్జు పలుకులు ఇందు గట్టిగా పెనవైచుకొని యుండును. నూనెవేసి ఓపికగా నూఱవలెను. పదును తీవ్రముగా వచ్చినది గాని, కత్తి చెంపను తాకగానే మామగారి కనుబొమలు ముడివడుచుండెను.

రెండవది జర్మనీలోని తురింగియా పలకరాయి. సోన్నెబర్గు పట్టణపు ఎషర్ కంపెనీ ముద్రతో ఇవి పేరుగాంచినవి. లేతయాకుపచ్చ మొదలు ముదురునీలము వఱకు పలురంగు లుండును. పదును మిక్కిలి మృదువు. కాని ఆ కంపెనీ యిప్పుడు లేదు. పాతరాళ్లకే గిరాకి గాన వెల మండిపోవుచున్నది. జపానున క్యోటో సమీపమునందలి నకయమ గనిరాళ్లును ఇట్లే ప్రసిద్ధములు, ఇట్లే ప్రియములు.

మూడవది బెల్జియముదేశపు ఆర్డెన్ను కొండలలో, వీల్సాల్ము ప్రాంతమున దొరకు కోటిక్యూలు. ఈ పసుపుపచ్చని పొర పలుచనగుటచే తఱచు పలకరాతిమీద అతికియుండును. ఇందలి గార్నెట్టు పలుకుల కాఠిన్యము 7కు దాపు. అవి ఇంచుమించు గుండ్రనివగుటచే లోతుగా చీఱక మెల్లగా అరుగదీయును. గంధము తీయుట నెఱిగిన మనకు దీనిని వాడుట సుళువు. నీరుపోసి చిన్నరాతిముక్కతో రుద్దగా పాలవంటి ద్రవము వచ్చును. మొదట దానిని గంధమంత చిక్కగా నుంచి, చుక్కచుక్క నీరు చేర్చుచు పలుచని మజ్జిగవలె జేసి, కడపట ఉత్తనీటితో ముగింపవలెను. ఈ రాతిమీద నూఱిన కత్తితో గీచిన మొదటినాడే మామగారి కనుబొమలు ముడివడలేదు. కుడిచెంప ముగియగానే, మేము చేయి పట్టకయే, తామే ముఖము త్రిప్పి ఎడమచెంప చూపిరి. మాకు అంతకంటె వేఱు తీర్పు అక్కఱలేకపోయినది. జర్మనీరాయియు మృదువే గాని, విఱిగిన మరల దొరకుట దుర్లభము. కోటిక్యూలు నేటికిని త్రవ్వబడుచున్నది. కావున దానిని నిలుపుకొని తక్కిన రెండింటిని మఱదికి తిరిగి యిచ్చితిమి.

ఇంటికి ఒక్క కడపటిరాయి చాలును. దానిని కడిగి నీడను ఆరబెట్టుడు. కత్తిని పొడిగుడ్డతో తుడిచి, చుక్క నూనె రాచి, పిల్లల కందనిచోట తాళమువేసి యుంచుడు. రక్తము పలుచనగుటకు మందులు పుచ్చుకొనువారికి విప్పుకత్తి వలదు, విద్యుద్యంత్రము మేలు. తక్కినవారికైనను వేడినీటిగుడ్డతో గడ్డమును నానబెట్టి, పొయ్యిమీద ఏమియు లేనివేళ చూచుకొని, తొందరపడక పని మొదలిడుడు.