పంట మార్పిడి

సావనీరుకు ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం చదువుతున్నదాన్ని గనుక ఏ కిరణజన్య సంయోగక్రియ గురించో, పర్యావరణ కాలుష్యం గురించో రాస్తానని వాళ్ళు అనుకుని ఉంటారు. నేను సానియా మీర్జా గురించి రాస్తున్నాను. ఇంతవరకు టెన్నిస్ రాకెట్టు చేత్తో పట్టినదాన్ని కాను. మా ఊళ్ళో ఆడపిల్లలకు తెలిసిన ఆటలు ఖోఖో, కబడ్డీ. అవి కూడా పదో తరగతి దాకానే. అయినా ఆమె ఆట సంగతులు చదివిన కొద్దీ, ఇదంతా మా ఇంట్లో ఎప్పుడో విన్న మాటే గదా అనిపించసాగింది. వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టిన వాళ్ళకు ఆమె కథ తొందరగా ఒంటబడుతుందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

సానియా 1986లో బొంబాయిలో పుట్టి హైదరాబాదులో పెరిగింది. ఆరేళ్ళ వయసులో రాకెట్టు పట్టింది. ఆవుపేడతో అలికిన కోర్టుల మీద ఆట నేర్చుకున్నానని ఆమే చాలాసార్లు చెప్పుకుంది. ఈ మాట నేను హాస్టల్లో చెబితే ఇద్దరు ముగ్గురు ముక్కు మూసుకుని నవ్వారు. నాకు మాత్రం మా కళ్ళం కళ్ళ ముందు కనబడింది. కోత మిషన్లు వచ్చి వరి కళ్ళాలు పోయాయి గాని, కందులు, పెసలు కొట్టడానికి మా నాయినమ్మ ఇప్పటికీ కళ్ళం అలుకుతుంది. నేల చదును చేయాలి, నీళ్ళు చల్లాలి, పేడ కలిపి చేత్తో అలకాలి, ఎండలో ఆరనివ్వాలి. అప్పుడు దుమ్ము లేవదు, గింజ మట్టిపాలు కాదు. కాని నడుమ ఒక వాన పడిందా, మళ్ళీ మొదటికే. అటువంటి నేల మీద మొదలైన ఆట వింబుల్డన్ పచ్చిక దాకా పోయింది. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి సానియా అక్కడ బాలికల డబుల్స్ గెలిచింది. అప్పటికి ఆమె వయసు పదహారేళ్ళు.

ఎండలో ఆడితే నల్లబడతావు, నిన్నెవరు చేసుకుంటారని చిన్నప్పుడు తనతో అనేవాళ్ళని కూడా సానియా చెప్పింది. మా మేనత్త ఈ మాటనే నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్క లేదు. ఇందులో తమాషా చూడండి. నాట్ల రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు పొద్దున్నే మళ్ళలో దిగితే పొద్దుగూకే దాకా వంగిన నడుం ఎత్తరు. నెత్తి మీద ఎండ, కాళ్ళ కింద బురద. పెళ్ళికెదిగిన పిల్లలు కూడా ఆ వరుసలోనే ఉంటారు. అప్పుడు మాత్రం నల్లబడతారన్న బెంగ ఎవ్వరికీ కలగదు. ఆడపిల్ల పనికోసం ఎండలో నిలబడితే ఫరవాలేదు, ఆటకోసం నిలబడితేనే రంగు గుర్తుకొస్తుంది. సానియా తల్లిదండ్రులు ఈ మాటలు చెవిన పెట్టలేదు. తండ్రి ఇమ్రాన్ మీర్జా తానే దగ్గరుండి శిక్షణ చూసుకున్నాడు.

2005లో ఆమె పేరు దేశమంతా మోగిపోయింది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండు చేరి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో సొంత ఊరు హైదరాబాదులో జరిగిన టోర్నమెంటు గెలిచి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిలు సాధించిన మొదటి భారత మహిళ అయింది. ఆ తర్వాత దుబాయిలో, అంతకు ముందు సంవత్సరం యు.ఎస్. ఓపెన్ గెలిచిన స్వెత్లానా కుజ్నెత్సోవాను ఓడించింది. ఆ ఏడాది యు.ఎస్. ఓపెన్లో నాలుగో రౌండుకు వెళ్ళి షరపోవాతో ఆడింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ ర్యాంకు చేరింది. మన దేశపు ఆడవాళ్ళలో మరెవ్వరూ అంత ఎత్తుకు పోలేదు. ఆమె ఫోర్‌హ్యాండ్ దెబ్బకు పెద్ద పెద్ద వాళ్ళే తడుముకునేవారు.

అక్కడి నుంచి ఒళ్ళు ఎదురు తిరిగింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మొదటి ఆట మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవని రోజులున్నాయని, మనసు బాగా కుంగిపోయిందని ఆమె తర్వాత చెప్పింది. ఒక్క మణికట్టుతో పోలేదు. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లు అయ్యాయి. ఇన్ని కోతలంటే ఎవరైనా ఆట మాట మరిచిపోతారు. ఆమె మరవలేదు. 2009 జనవరిలోనే మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. సింగిల్స్‌లో కూడా మరి కొన్నేళ్ళు పెనుగులాడింది. చివరికి 2013లో సింగిల్స్ మానేసి, ఇక డబుల్స్ మాత్రమే ఆడతానని చెప్పింది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు, మూడించుల నీళ్ళు పోసే మా బోరు ఒక్క ఇంచుకు పడిపోయింది. యాసంగిలో నాలుగెకరాల వరి పారించే బోరది. ఇంకొక బోరు వేయిస్తే తెల్లటి దుమ్ము లేచింది తప్ప చుక్క రాలేదు. పక్క పొలాల వాళ్ళు అప్పులు తెచ్చి మూడో బోరు, నాలుగో బోరు వేశారు. ఒకరిద్దరు భూమి అమ్ముకుని పట్నం పోయారు. మా నాయిన పది రోజులు ఎవ్వరితో మాట్లాడలేదు. తర్వాత వరి మాని ఆరుతడి పంటకు దిగాడు. రెండెకరాల్లో పల్లి, మిగతా దాంట్లో కూరగాయలు. "గింతకాలం వరి పండించినోనివి, పల్లి ఏసుకుంటవా?" అని చావడి దగ్గర ఎవరో అన్నారట. ఆయన ఇంటికొచ్చి అన్నం తింటూ అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం. "నీళ్ళు తక్కువైతే పంట మార్చాలె గని, పొలం ఇడువొద్దు బిడ్డా."

సానియా చేసింది సరిగ్గా ఇదే. నేను సైన్సు విద్యార్థిని గనుక ఒక చిన్న లెక్క వేసి చూశాను. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కు 36 అడుగులు. వలకు ఒక పక్క సగం తీసుకుంటే సింగిల్స్‌లో ఒక్క మనిషి కాపలా కాయవలసిన నేల 1053 చదరపు అడుగులు. మన గుంట భూమి 1089 చదరపు అడుగులు. అంటే దాదాపు గుంట జాగాలో ఎక్కడ బంతి పడినా ఒక్కతే పరుగెత్తాలి. డబుల్స్‌లో ఆ సగం 1404 చదరపు అడుగులు అవుతుంది గాని మనుషులు ఇద్దరు. తలా 702. మూడింట ఒక వంతు భారం తగ్గిపోయింది. మోకాళ్ళు అరిగిన మనిషికి ఆ ఒక వంతు ఎంతటిదో చెప్పనక్కరలేదు. ఆమె దగ్గర తరిగిపోయింది పరుగు. మిగిలింది ఆ ఫోర్‌హ్యాండ్. మిగిలిన దానితో ఏది పండుతుందో చూసి అదే వేసింది.

పండింది కూడా. 2015లో స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జతకట్టింది. ఇద్దరూ కలిసి ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్ టోర్నమెంట్లు వరసగా గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ స్థానం అందుకున్న మొదటి భారత మహిళ ఆమే. జూలైలో వింబుల్డన్ ఫైనలు. రష్యా జట్టు మకరోవా, వెస్నినా మొదటి సెట్టు గెలిచారు. రెండోది సానియా వాళ్ళు టైబ్రేకులో దక్కించుకున్నారు. మూడో సెట్టులో 2-5తో వెనకబడ్డారు. ఇంకొక్క గేము పోతే అంతా అయిపోయినట్టే. అక్కడి నుంచి లాక్కొచ్చి 5-5 చేశారు. చీకటి పడుతున్నదని పైకప్పు మూసి దీపాలు వేశారు. ఆ తర్వాత 7-5తో గెలిచారు. పదహారేళ్ళప్పుడు బాలికల టైటిలు గెలిచిన చోటనే, పన్నెండేళ్ళ తర్వాత పెద్దవాళ్ళ టైటిలు. ఆ ఏడాది యు.ఎస్. ఓపెన్, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వాళ్ళవే. ఒక దశలో వరసగా 41 మ్యాచులు ఓటమి లేకుండా గెలిచారు.

ఇంత చెప్పినా, "డబుల్సే గదా!" అనే వాళ్ళున్నారు. ఈ "గదా" నాకు బాగా పరిచయం. ఇంటర్ తర్వాత డాక్టరు కోర్సు కోసం నీట్ రెండుసార్లు రాశాను. ప్రభుత్వ సీటుకు ర్యాంకు చాలలేదు. ప్రైవేటు సీటు కొనాలంటే మా నాలుగెకరాలూ చాలవు. బి.ఎస్సీ.లో చేరాను. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో, పండగల్లో చుట్టాలు అడుగుతారు, "ఏం చదువుతున్నవు బిడ్డా?" అని. చెబితే, "ఓ, డిగ్రీయేనా!" అంటారు. మొదట్లో ఆ మాటకు నాకు అన్నం దిగేది కాదు. మా క్లాసులో సగం మందికి ఇటువంటి కథే ఉందని తర్వాత తెలిసింది. ల్యాబులో మైక్రోస్కోపు కింద కాండం అడ్డుకోత చూస్తూ, మొక్క లోపల నీళ్ళు ఎట్లా పైకెక్కుతాయో తెలుసుకున్న రోజున మాత్రం, మా నాయిన పొలంలో ఏళ్ళ తరబడి చూస్తున్న ప్రశ్నకు నేను మరో దారిలో చేరుకున్నానని అనిపించింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పంట మార్చిన వాళ్ళందరికీ పండదు. మా ఊళ్ళో వరి మాని పత్తి పెట్టి నష్టపోయిన వాళ్ళూ ఉన్నారు. సానియా 2015లో నంబర్ వన్ అయింది గనుక 2013 నాటి నిర్ణయం మంచిదని ఈ రోజు మనం సులువుగా అనేస్తాం. ఆ నిర్ణయం తీసుకున్న నాడు ఆమెకు 2015 కనబడలేదు. కనబడ్డవి నొప్పిపెట్టే మోకాళ్ళు, ఒక కోత పడ్డ మణికట్టు, ఇంకా ఆడాలన్న కోరిక. విత్తనం వేసే రోజున రైతుకు కూడా ధాన్యపు రాశి కనబడదు. అందుకే నాకు ఆమె కప్పుల కంటె ఆ రోజే గొప్పగా తోస్తుంది.

2016లో ఆమె ఆత్మకథ వెలువడినప్పుడు ఒక టీవీ జర్నలిస్టు, ఇంకెప్పుడు స్థిరపడతారు, పిల్లల సంగతేమిటి అన్న ధోరణిలో అడిగాడు. ఎన్ని వింబుల్డన్లు గెలిచినా, ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నా, తల్లయ్యేదాకా ఆడదాన్ని స్థిరపడినట్టు లెక్కగట్టరు గదా అనే అర్థం వచ్చేట్టు ఆమె జవాబిచ్చింది. అతను అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు. 2018లో ఆమెకు కొడుకు పుట్టాడు. అది కూడా ఎవరో అడిగారని కాదు, తన వీలు చూసుకుని. తర్వాత 2020 జనవరిలో మళ్ళీ కోర్టులో దిగి, హోబర్టులో ఉక్రెయిన్ క్రీడాకారిణి నాదియా కిచెనోక్‌తో కలిసి తిరిగొచ్చిన మొదటి టోర్నమెంటే గెలిచింది. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్లో రోహన్ బోపన్నతో ఆడి ఓడింది. ఆమె ఆఖరి గ్రాండ్‌స్లామ్ అదే. ఫిబ్రవరిలో దుబాయిలో ఆఖరి మ్యాచు. మొత్తం 43 డబుల్స్ టైటిళ్ళు, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 91 వారాలు నంబర్ వన్ స్థానం. ఆ మార్చిలో హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో సొంత ఊరి జనం ముందు వీడ్కోలు ఆట ఆడింది. అప్పటికి ముప్ఫై ఆరేళ్ళు. పేడ కోర్టు నుంచి మొదలుపెడితే ముప్ఫై ఏళ్ళ సేద్యం.

మిత్రులారా, కొద్ది వారాల్లో మన పరీక్షలు. ఆ తర్వాత ఎవరి దారి వారిది. కొందరు పోటీ పరీక్షలకు, కొందరు ఉద్యోగాలకు, కొందరు అత్తవారిళ్ళకు. నేను వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్ష రాయబోతున్నాను. తక్కువ నీళ్ళతో బతికే పంటల మీద పని చేయాలని కోరిక. సీటు వస్తుందో రాదో ఇప్పుడు చెప్పలేను. మేనత్త మాత్రం ఒక సంబంధం ఉందని రెండుసార్లు కబురంపింది. మా నాయిన, "పరీక్ష రాయనీయుండ్రి" అన్నాడట. అంతకంటె ఎక్కువ ఆయన మాట్లాడడు.

ఈసారి యాసంగికి ఇంటి దగ్గర నువ్వులు వేశారు. పరీక్షలయ్యేసరికి కోతకొస్తాయి. కట్టలు కట్టి నిలబెట్టి, ఎండబెట్టి, దులపాలి. సెలవులన్నీ నేను ఆ ఎండలోనే ఉంటాను. నల్లబడితే నల్లబడతాను.