పాత జీపు చూడబోతే జేబులో పెన్సిల్ పెట్టుకొని పోండి

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికగా చదవండి, జీపు కొనే ఆలోచన ఉన్నోళ్లు ఇంకొంచెం ఓపికగా చదవండి.

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలల్ల పనిచేసే మన తమ్ముళ్లు ముగ్గురు ఈ మధ్య ఒక్కటే ప్రశ్న అడిగారు. "అన్నా, మాడిఫై చేసిన పాత జీపు కొందామనుకుంటున్న, ఎట్ల చూడాలె?" ఆదివారం పొద్దున నానక్‌రామ్‌గూడ దిక్కు పోతే ఈ ప్రశ్న ఎందుకొస్తుందో తెలుస్తది. లావు టైర్లు, బానెట్ మీద తెల్ల చుక్క, పైన ఎల్ఈడీ లైట్ల పట్టీ. చూస్తే ఎవరికైనా మనసు గుంజుతది.

మనోళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. మాది ఏటూరునాగారం దిక్కు కోయగూడెం. నా చిన్నప్పుడు గూడేనికి వచ్చే జీపులు రెండే. ఒకటి ఫారెస్టోళ్లది. దాని చప్పుడు వినబడితే పోడు కాడ ఉన్నోళ్లు గొడ్డళ్లు దాచుకునేవాళ్లు. రెండోది సర్వీసు జీపు. సంతకు పోవాలన్నా, మేడారం జాతరకు పోవాలన్నా, కాన్పు కష్టమై ఆస్పత్రికి పోవాలన్నా అదే దిక్కు. పది మంది బండిలో ఇరవై మంది, వెనక వేలాడేటోళ్లు వేరే. ఆ రెండు జీపుల్లో ఒక్కటి కూడా మన పేరు మీద లేదు. అందుకే జీపు మీద మనకున్న ఆశ, ఆఫీసులో పక్క సీటు వాళ్ల ఆశ ఒకటి కాదు.

నిరుడు నేను, మా పెద్దనాన్న కొడుకు కలిసి కొందామనుకున్నాం. వానాకాలం వాగు పొంగితే మా గూడేనికి ఆటో రాదు. 108 బండి తారు రోడ్డు మీదనే ఆగుతది. అక్కడి దాకా మూడు కిలోమీటర్లు పేషెంటును మంచం మీద మోసుకుపోవాలి. కాబట్టి మాకు కావాల్సింది బురదలో నాలుగు చక్రాలూ తిరిగే బండి. నా జీతంలో మిగిలినవి, అన్న మిర్చి పైసలు కలిపితే నాలుగు లక్షలు.

మొదట చూసిన బండి ఖాజాగూడ గుట్టల వెనకాల ఒక షెడ్డులో ఉండె. ప్రకటనలో "1942 విల్లీస్, వింటేజ్, ఫుల్ మాడిఫైడ్" అని రాసి ఉంది. నాలుగున్నర లక్షలు చెప్పిండు. మిలిటరీ ఆకుపచ్చ రంగు తళతళ మెరుస్తున్నది. "మిలిటరీ వేలంల కొన్న బండి సార్, ఇసుంటిది మళ్లీ దొరకది" అన్నడు. మా అన్న నా చెవిలో, "తమ్మీ, రంగు చూసి మురవకు. కింద పండి చూడాలె" అన్నడు. అన్న పదేళ్లు ట్రాక్టర్ తోలినోడు, రిపేర్లు సొంతంగ చేసుకుంటడు.

ఇక్కడ అసలు విషయం. 1942 నాటి యుద్ధం జీపును గుర్తుపట్టడానికి ఇంజినీరు కానక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిపి 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. ఎక్కువ వాటికి ముందు జాలీలో నిలువు సందులు 9 ఉంటాయి. యుద్ధం అయినంక జనం కోసం చేసిన వాటికి 7. యుద్ధం జీపుకు ముందు అద్దం రెండు ముక్కలు, స్టీరింగ్ ఎడమ పక్క, వెనక కిందికి తెరుచుకునే డోరు ఉండదు. ఫోర్డ్ చేసిన దాంట్లో బోల్టుల మీద ఎఫ్ అక్షరం గుద్ది ఉంటది. మేం చూసిన బండికి సందులు 7, అద్దం ఒక్కటే ముక్క, స్టీరింగ్ కుడి పక్క, వెనక డోరు ఉంది. పైగా బానెట్ ఎత్తుగా ఉంది. ఎత్తు బానెట్ వచ్చిందే 1953లో, సీజే 3బీ మోడల్‌తో. దాంట్లో పెట్టిన హరికేన్ ఇంజన్ పొడుగు ఎక్కువ, అందుకని బానెట్ లేపారు.

అంటే అది మహీంద్రా జీపు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు ఇక్కడ బిగించి అమ్మడం మొదలుపెట్టారు, ఈ సీజే 3బీని లైసెన్సు మీద చాలా ఏళ్లు తయారు చేశారు. గట్టి బండే. దాని పేరు దానికి పెట్టి అమ్మితే తప్పేం లేదు.

తర్వాత టేపు తీసినం. యుద్ధం జీపైనా, సీజే 3బీ అయినా ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకు 80 అంగుళాలు, అంటే సుమారు 2032 మిల్లీమీటర్లు ఉండాలి. మాకు 88 వచ్చింది. అన్న కిందికి దూరి సెల్‌ఫోన్ లైటు కొట్టిండు. ఛాసిస్ కోసి, మధ్యలో ముక్క పెట్టి వెల్డింగ్ చేసిన గీత కనబడ్డది, పైన లప్పం రాసి రంగేసిన్రు. ఆర్సీలో పెట్రోల్ అని ఉంది, లోపల ఉన్నది డీజిల్ ఇంజన్.

అప్పుడు పెన్సిల్ తీసిన. ఛాసిస్ మీద గుద్దిన నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతది. హాస్టల్‌లో రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దేవాళ్లం చూడండి, అదే పద్ధతి. మొదటి అంకెలు సూటిగా ఉన్నయి. చివరి రెండు పక్కకు ఒరిగి ఉన్నయి, చుట్టూ గ్రైండర్ పెట్టిన గీతలు. ఆర్సీ మీద ఉన్న ఓనరు ఎప్పుడో చనిపోయిండట, బండి మధ్యలో ముగ్గురి చేతులు మారింది. "పేపర్లది నేను చూస్కుంట సార్, మనకు ఏజెంటున్నడు" అన్నడు. అన్న టేపు చుట్టి జేబుల పెట్టుకుండు. ఇద్దరం బయటికొచ్చినం.

"మాడిఫైడ్ వింటేజ్" అనే మాటే చట్టం ముందు నిలబడదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ నంబరు తీసుకుంటే రోజూ తోలడానికి వీల్లేదు, ర్యాలీలకు, ప్రదర్శనలకే. మన గూడేనికి అది ఎట్లాగూ పనికిరాదు.

వింటేజ్ కాకుండా మామూలు బండిగా ఉంచుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వస్తది. కంపెనీ పెట్టిన కొలతలకు, వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. ఆ మిలిటరీ ఆకుపచ్చ రంగుకు కూడా నిబంధన ఉంది. అది రక్షణ శాఖ బండ్లకే. నగరంలో పెద్ద జీతగాడు దొరికితే జరిమానా కట్టి పోతడు. ఏజెన్సీ చెక్‌పోస్టు కాడ అదే బండిలో మనం దొరికితే ఏమైతదో నేను చెప్పక్కర్లేదు.

రెండో బండి వరంగల్ దిక్కు ఒక రైతు దగ్గర దొరికింది. మహీంద్రా ఎంఎం 540, 90ల నాటిది, ఏపీ 36 నంబరు. బూడిద రంగు, సీట్లు చినిగినయి, ఫొటో దిగితే లైకులు రావు. ఆర్సీలో 2112 సీసీ డీజిల్ అని ఉంది, లోపల అదే ప్యూజో ఇంజన్. పెన్సిల్ అచ్చు ఆర్సీతో అంకె అంకెకు కలిసింది. ముందు క్రాష్ గార్డు బిగించుకున్నడు, 2017 చివర్లో కేంద్రం అవి వద్దని చెప్పింది కాబట్టి పీకేసి ఇమ్మన్నం, ఇచ్చిండు. పొలంలో తడి మట్టిలోకి దింపి ఫోర్ వీల్ లివర్ వేస్తే ముందు చక్రాలు కూడా మట్టి ఎగజిమ్మినయి. ఎండిన తారు రోడ్డు మీద ఈ పరీక్ష చేయొద్దు, గేర్ల మీద భారం పడుతది. రెండు లక్షల అరవై వేలకు తెగింది. మిగిలిన పైసలతో బ్రేకులు, కమాన్ పట్టీలు, టైర్లు. ఆర్సీ మా అన్న పేరు మీద.

వానాకాలం మొదలైన రెండో వారంలోనే మా చిన్నమ్మ బిడ్డను జ్వరంతో ఆ బండిలోనే వాగు దాటించి ఆస్పత్రికి చేర్చినం. మంచం మోయలేదు.

మనది కాగితం చదవక నష్టపోయిన జాతి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితం మీద వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న తాత ప్రతి గూడెంలో ఉన్నడు. జీపు విషయంలో కూడా ఆర్సీయే పట్టా. ఆర్సీలో పేరున్నవాడే చట్టం దృష్టిలో ఓనరు, యాక్సిడెంట్ నష్టపరిహారం విషయంలో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది. మన తాతలకు చదువు లేదు. మనకు గురుకులాలు చదువు చెప్పినయి, దాన్ని ఇసుంటి చోట వాడాలి.

చివరగా, కొనబోయే వాళ్లకు:

1. ముందు ఆర్సీ, తర్వాత బండి. ఆర్సీ మీదున్న మనిషి, అమ్మే మనిషి ఒక్కరేనా చూడండి. బ్యాంకు లోను తీరిందో లేదో, చలాన్లు ఎన్ని ఉన్నయో చూడండి.

2. ఛాసిస్, ఇంజన్ నంబర్లు మీరే పెన్సిల్‌తో తీయండి. ఫొటో నమ్మొద్దు.

3. హర్యానాలోని మండీ డబ్వాలీ లాంటి చోట్ల పాత భాగాలతో జీపులు కట్టి అమ్ముతారు. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్స్ లెక్క కలిపి ధర చూడండి.

4. 15 ఏళ్లు దాటిన బండికి ప్రతి 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది, 20 ఏళ్లు దాటిన వాటికి తర్వాత ఇంకా పెరిగింది.

5. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు అయ్యేదాకా పూర్తి పైసలు ఇవ్వొద్దు. మన రాష్ట్రంలోనే అయితే అమ్మినోడు 14 రోజుల్లో, కొన్నోడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి.

మాదాపూర్, కొండాపూర్ దిక్కు ఎవరైనా బండి చూడబోతుంటే ఇక్కడ మెసేజ్ పెట్టండి. ఆదివారమైతే నేను కూడా వస్త. టేపు, కాగితం, పెన్సిల్ నా దగ్గర ఉన్నయి.

జై ఆదివాసీ.