గీతలు

నాకు పాత కుట్టు మిషన్ల బల్లలంటే పిచ్చి. హాస్టల్‌లో చెప్తే నవ్వుతారు. ఫస్టియర్‌లో పాత సామాన్ల కొట్లో ఎనిమిది వందలకి ఒకటి కొని, పాలిష్ చేసి స్టడీ టేబుల్ చేసుకున్నా. తర్వాత ఇంకోటి బాగుచేసి సీనియర్‌కి ఇచ్చా. దాంతో నాకంతా వచ్చేసిందనుకున్నా.

మొన్న సెలవులకి తెనాలి వెళ్తే పెరట్లో రేకుల కింద అమ్మమ్మ మిషను, దాని మీద సిమెంటు బస్తాలు. "పాత సామాన్లవాడికి వేసేద్దాంరా" అన్నాడు మావయ్య. నేను ఒప్పుకోలేదు.

అది సింగర్. నంబరు ఇంగ్లీషు 'ఈ' అక్షరంతో మొదలైంది. అంటే స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. యంత్రాల్ని అంతగా విమర్శించిన గాంధీగారు కూడా సింగర్ కుట్టు మిషన్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇదంతా చెప్తే అమ్మమ్మ "అవునా?" అని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

పని మొదలుపెట్టా. ముందు దూదికి స్పిరిట్ అద్ది బల్ల అడుగున ఒక మూల రుద్దాలి. పాత పూత కరిగి జిగటగా వస్తే అది లక్క పాలిష్. అలాగే వచ్చింది. పూతంతా స్పిరిట్‌తో తీసేసి, నూట ఇరవై నంబరు శాండ్‌పేపరుతో, తర్వాత రెండు వందల ఇరవైతో, చెక్క చారలు ఎటు ఉంటే అటే రుద్దా. ముందు అంచు మీద కత్తితో కోసినట్టు బోలెడు గాట్లు. వాటి కోసం ఎనభై నంబరు తీసుకుని గంటసేపు కూర్చున్నా. అంచు అద్దంలా వచ్చింది.

సాయంత్రం అమ్మమ్మ వచ్చి ఆ అంచు మీద బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివరకి రాసింది. మళ్ళీ రాసింది.

"గీతలేవిరా నాన్నా?"

"తీసేశా అమ్మమ్మా. చూడు, ఎంత నున్నగా ఉందో!"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. తాతయ్య పోయేటప్పటికి అమ్మకి ఆరేళ్ళు. అమ్మమ్మకి చదువు రాదు, టేపు మీద అంకెలు తెలిసేవి కావు. అందుకే కొలతలన్నీ ఆ అంచు మీద గాట్లు పెట్టుకునేది. ఎడమ చివర నుంచి మొదటి గాటు అమ్మ ఆరేళ్ళప్పటి లంగా పొడుగు. తర్వాత ఏడాదికొకటి. ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టి అమ్మని డిగ్రీ దాకా చదివించింది ఆ బల్ల మీదే.

నేను తీసేసింది మా అమ్మ ఎదిగిన లెక్క.

"పోన్లే, బాగా చేశావు" అంది అమ్మమ్మ. తిట్టినా బావుండేది. కోడ్ అయితే పాత వెర్షన్ వెనక్కి తెచ్చేవాణ్ణి. చెక్కకి ఆ సౌకర్యం లేదు.

సొరుగు లోపల పెన్సిలు గుర్తులున్నాయి, అడ్డగీతలు, సున్నాలు. ఈసారి ముందు అడిగా. ఎవరెవరు కుట్టుకూలి బాకీ ఉన్నారో దాని లెక్కట. సొరుగు ముట్టుకోలేదు. మిగతా బల్లంతా లక్క పూశాను, పల్చగా ఆరు పూతలు. కొత్త తోలు బెల్టు వేశాను. అమ్మమ్మ పెడల్ తొక్కి నా దిండు గలీబు కుట్టింది.

అమ్మకి ఫోన్‌లో చెప్పా. "ఆ గాట్లు నాకూ గుర్తున్నాయిరా" అని మాత్రం అంది.

పోయిన వారం ఇంకో బల్ల దొరికింది. కొట్లో బేరం ఆడకముందే అడిగాను, ఇది ఎవరిదండీ, ఈ గీతలు ఏమిటండీ అని. కొట్టతను నన్ను వింతగా చూశాడు.