సంచులకి కాపలా ఎన్నాళ్ళు?

ఎక్కడికైనా యాత్రకి వెళితే మన ఆడవాళ్ళకి ఒక పర్మినెంటు ఉద్యోగం ఉంటుంది, గమనించారా? ఒడ్డున కూర్చుని సంచులకి కాపలా కాయడం! మగవాళ్ళు, పిల్లలు నీళ్ళలో దిగి కేరింతలు కొడుతుంటే వాళ్ళ చెప్పులూ, కళ్ళజోళ్ళూ, తువ్వాళ్ళూ ముందేసుకుని "లోతుకి వెళ్ళకండర్రా" అని అరుస్తూ ఉండాలి. ఇరవై రెండేళ్ళ సంసారంలో విశాఖలోనూ, మంగినపూడిలోనూ, పూరీలోనూ నేను చేసింది ఇదే.

మాది కోనసీమ. ఇంటి ముందే కాలవ. మా అన్నయ్యకి ఏడో ఏటనే నాన్నగారు నడుముకి రెండు ఎండు కొబ్బరికాయలు కట్టి ఈత నేర్పారు. నేను మాత్రం రేవులో ఆఖరి మెట్టు దాటితే వీపు విమానం మోతే! "ఆడపిల్లకి ఈతెందుకే?" అనేది మా నాయనమ్మ. అలా నీళ్ళ పక్కనే పెరిగినా, నలభై అయిదేళ్ళు వచ్చేదాకా నాకు బిందె ముంచడమే తప్ప తల ముంచడం రాలేదు.

పోయిన ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళాం. చెన్నై నుంచి విమానంలో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాం. 2024లో ఆ ఊరి పేరు శ్రీవిజయపురంగా మార్చారు. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారండీ, బజారులో తెలుగు వినబడుతూనే ఉంటుంది. అక్కడికి దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో వండూర్ అని ఉంది. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి పడవలు అక్కడినుంచే. మేం వెళ్ళింది అందులోని జాలీబాయ్ దీవికి. పడవ ఎక్కేముందు సంచులు వెతికి ప్లాస్టిక్ అన్నది లోపలికి పోనివ్వరు. బిస్కెట్ పాకెట్లు అక్కడే వదిలేశాం. చపాతీలు స్టీలు డబ్బాలో పెట్టడం మంచిదయింది.

మడ అడవుల మధ్య గంట ప్రయాణం. దీవి దగ్గర పెద్ద పడవ ఆగడానికి రేవు కూడా లేదు. అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి మారి ఒడ్డుకి చేరాలి. ఆ అద్దంలోంచి కింద ఏవో రంగులు కనబడగానే నా మనసు లాగేసింది.

ఒడ్డున మావారు అలవాటుగా, "నువ్వు సామాను చూస్తుంటావుగా" అన్నారు. "ఈసారి మీరు చూడండి, నేను దిగుతాను" అన్నాను. మా అమ్మాయి నోరు తెరిచింది. "ఈ వయసులో నీకెందుకే?" అన్నారాయన. ఈ వయసు దాటితే ఇంకా కష్టం కదా మరి! చున్నీ తీసి సంచిలో పెట్టి, జడ ముడేసి, మంగళసూత్రం చుడీదార్ లోపలికి పిన్నీసుతో పెట్టుకుని లైఫ్ జాకెట్ తొడుక్కున్నాను. అన్నయ్య కొబ్బరికాయలు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నన్ను తీసుకెళ్ళిన గైడు కుర్రాడిది తాతల నాటి ఊరు శ్రీకాకుళం వైపట. "భయం నేదమ్మా, సెయ్యి వదల్ను" అన్నాడు. కళ్ళనీ ముక్కునీ కప్పేసే అద్దం పెట్టి, నోట్లో గొట్టం కరిపించాడు. మొదటిసారి ఉప్పునీళ్ళు మింగాను. రెండోసారి గుండె దడదడలాడి లేచిపోయాను. "ముక్కుని మర్చిపోండమ్మా, నోటితోనే నెమ్మదిగా పీల్చండి" అన్నాడు. మూడోసారి ముఖం నీళ్ళలో పెట్టి, అలాగే ఉండిపోయాను!

ఏం చెప్పమంటారు! లేడి కొమ్ముల్లా కొన్ని, మెదడు మడతల్లా కొన్ని, అన్నీ పగడపు దిబ్బలే. పగడమంటే మనకి నవరత్నాల్లో ఎర్రపూసే కదా. అది వేరే జాతి. ఈ దిబ్బలు కట్టేవి వేలాది చిన్న చిన్న ప్రాణులు. వాటి ఒంట్లో నాచు లాంటి సూక్ష్మజీవులు కాపురముండి, ఎండతో ఆహారం తయారుచేసి ఇస్తాయి. చాలా పగడాలకి రంగు కూడా వాటి చలవే. బండలాంటి రకం ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. పక్కనే రంగురంగుల చిలుక చేపలు పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర నాకు వినిపించింది. అవి అరిగించుకుని విసర్జించేది ఇసుకే. అక్కడి తెల్లని ఇసుకలో చాలా భాగం వాటి పుణ్యమే!

కొంచెం పక్కకి వెళ్ళేసరికి రంగుల్లేవు. పొయ్యిలో బూడిదలా నేలంతా విరిగిన ముక్కలు. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ సూక్ష్మజీవులు పగడాన్ని వదిలిపోతాయి, అది తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. అండమాన్‌లో 2010లోనూ, 2016లోనూ అలా చాలా పోయాయి. "పిల్లల చదువులయ్యాక, పెళ్ళిళ్ళయ్యాక" అని మనం వాయిదా వేసుకుంటాం. మనం తీరుబడి చేసుకుని వచ్చేదాకా ఇవి ఉంటాయా అనిపించి నీళ్ళలోనే కళ్ళు చెమర్చాయి.

మీరు వెళితే ఒక్క మాట. ఆయాసం, గుండె జబ్బు ఉంటే డాక్టరుని అడిగి, గైడుకీ ముందే చెప్పండి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వదలొద్దు. పగడం మీద కాలు మోపొద్దు, పాదం కోసుకుంటుంది, దానికీ దెబ్బే. చచ్చిన ముక్కైనా ఏరి తెచ్చుకోవడం నేరం. ఎండకి క్రీములు పూసుకోవడం కంటే పొడుగు చేతుల బట్టలు మేలు.

ఒడ్డుకి వచ్చేసరికి మావారు సంచుల మధ్య నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. "ఇంతసేపా? నాకెంత కంగారు!" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా నేను పడుతున్నది అదే కంగారు సుమండీ అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా తువ్వాలు అందించారు.

వేసవిలో మా ఊరి ఈత కొలనులో ఆడవాళ్ళ బ్యాచిలో చేరాను. ప్రస్తుతానికి నాలుగు బారలు వెయ్యగలను. అయిదో దానికి ఊపిరి అందడం లేదు. అందుతుంది లెండి!